ఓవర్‌డోస్ నుంచి బతికి లేచినవాడు మళ్ళీ దానికోసమే ఎందుకు వెళ్తాడు?

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్పుకుంటాను, మిగతావాళ్ళకూ అర్థమవుతుంది. మీ తమ్ముడు కొన్నేళ్ళుగా హెరాయిన్ వాడుతున్నాడు. ఈమధ్య ఓవర్‌డోస్ అయి, ఊపిరి ఆగిపోతున్న స్థితిలో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. హెరాయిన్ ప్రభావాన్ని ఆపే నలోక్సోన్ అనే మందు ఇచ్చి బతికించారు. కళ్ళు తెరిచీ తెరవగానే డాక్టర్‌నీ, నర్సునీ, చివరికి మిమ్మల్నీ తిట్టాడు. సెలైన్ పీకేసుకుని వెళ్ళిపోయి, ఆ రాత్రే మళ్ళీ వాడాడు. ఇప్పుడు ఇంట్లో నలోక్సోన్ పెట్టుకోమని ఆసుపత్రివాళ్ళు అంటున్నారు. "అది ఇంట్లో ఉంటే వాడికి ఇంకా ధైర్యం రాదా? చావు అంచుదాకా వెళ్ళొచ్చినా బుద్ధి రానివాడికి ఇక ఏ మందు పనిచేస్తుంది?" అని మీరు అడిగారు.

సూటిగా జవాబు: నలోక్సోన్ ఇంట్లో పెట్టుకోండి. ఒక డోసు కాదు, కనీసం రెండు. వాదనలు ఆ తర్వాత చేసుకుందాం. ఎమర్జెన్సీలోనూ, తర్వాత వ్యసన చికిత్సలోనూ ఏళ్ళ తరబడి పనిచేసిన డాక్టర్‌ని నేను. ఈ ప్రశ్న వేసిన అక్కల్నీ, తల్లుల్నీ, భార్యల్నీ చాలామందిని చూశాను. మీరు ఎంత విసిగిపోయారో అడిగిన తీరులోనే తెలుస్తోంది. అయితే మీ ప్రశ్నలో రెండు సంగతులు కలిసిపోయాయి. ఆగిపోతున్న ఊపిరిని నిలబెట్టే మందు ఒకటి, వ్యసనానికి చేసే చికిత్స ఇంకొకటి. మీ తమ్ముడికి అందింది మొదటిదే. రెండోది ఇంకా మొదలే కాలేదు.

హెరాయిన్, మార్ఫిన్, ఫెంటానిల్, మెథడోన్, కొన్ని గట్టి నొప్పి మాత్రలు, వీటన్నిటినీ కలిపి ఓపియాయిడ్లు అంటాం. ఇవి మోతాదు మించితే ముందు దెబ్బతినేది ఊపిరి. మామూలుగా కాసేపు ఊపిరి బిగబడితే ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంది, మెదడు కింది భాగం దాన్ని పసిగట్టి గాలి పీల్చమని తొందరపెడుతుంది. ఓపియాయిడ్ ఆ తొందరనే మొద్దుబారుస్తుంది. ఆయాసం ఉండదు, గిలగిలా కొట్టుకోవడం ఉండదు. నిమిషానికి పన్నెండు, పదిహేనుసార్లు ఆడాల్సిన ఊపిరి ఆరుకీ నాలుగుకీ పడిపోతున్నా, చూసేవాళ్ళకు హాయిగా నిద్రపోతున్నట్టే ఉంటుంది. పక్కగదిలో ఇంటిల్లిపాదీ ఉండగా పోయినవాళ్ళు ఉన్నారు. "గురక వినిపించింది, పడుకున్నాడులే అనుకున్నాం" అంటారు తర్వాత. ఆ గురక మామూలు గురక కాదు. గొంతులో నీళ్ళు నిలిచినట్టు గరగరమంటుంది, మధ్యలో ఆగుతుంది, ఇక రాదేమో అనుకున్నాక మళ్ళీ ఒకసారి వస్తుంది. కంటిపాప గుండుసూది మొనంత చిన్నదవుతుంది. పెదాలు, గోళ్ళు నీలంగా మారతాయి. ఒంటిరంగు నలుపైతే ఆ నీలం పైకి తెలియదు, బూడిదరంగు తిరిగినట్టు ఉంటుంది. అందుకని పెదవి లోపలి వైపు, గోళ్ళ కింద చూడాలి. గట్టిగా పేరుపెట్టి పిలిచినా, పిడికిలి కణుపులతో రొమ్ము ఎముక మీద గట్టిగా రుద్దినా కదలకపోతే ఇక ఆలోచించకండి, అది నిద్ర కాదు.

నలోక్సోన్ చేసే పని చాలా చిన్నది. ఓపియాయిడ్ వెళ్ళి కూర్చునే చోట్లు మెదడులో ఉంటాయి, వాటిని మ్యూ రిసెప్టర్లు అంటారు. కుర్చీలాట ఊహించుకోండి. నలోక్సోన్ వచ్చి హెరాయిన్‌ని కుర్చీలోంచి తోసేసి తను కూర్చుంటుంది. కూర్చుని ఏమీ చెయ్యదు, మత్తివ్వదు, నొప్పి తగ్గించదు. కుర్చీ ఖాళీ లేదు కాబట్టి హెరాయిన్ ఆట ఆగిపోతుంది, ఊపిరి తిరిగొస్తుంది. నరంలోకి ఇస్తే ఒకటి రెండు నిమిషాలు, కండకు ఇచ్చినా ముక్కులో స్ప్రే కొట్టినా సుమారు రెండు నుంచి ఐదు నిమిషాలు పడుతుంది. కానీ హెరాయిన్ ఒంట్లోంచి ఎక్కడికీ పోలేదు, పక్కనే నిలబడి ఉంది. నలోక్సోన్ ప్రభావం అరగంట నుంచి గంటన్నర దాకానే. అది లేవగానే మిగిలిన ఓపియాయిడ్ మళ్ళీ వచ్చి కూర్చోవచ్చు. మెథడోన్ లాంటివి ఒంట్లో ఒక రోజుకు పైగా ఉంటాయి కాబట్టి వాటితో ఈ ప్రమాదం మరీ ఎక్కువ. లేచి మాట్లాడుతున్న మనిషిని కూడా కొన్ని గంటలు ఆసుపత్రిలో ఉండమనేది ఇందుకే. సెలైన్ పీకేసుకుని వెళ్ళిపోయాడని మీరు రాసింది చదివి నేను కంగారుపడింది ఆ తిట్లకు కాదు, దీనికి.

ఈ మందు కొత్తదేమీ కాదు. మోజెస్ లెవెన్‌స్టైన్, జాక్ ఫిష్‌మన్ అనే ఇద్దరు 1961లో పేటెంట్‌కు దరఖాస్తు పెట్టారు, 1971లో అమెరికాలో అనుమతి వచ్చింది. చాలాకాలం ఆసుపత్రులూ అంబులెన్సులూ దాటి బయటికి రాలేదు. 1996 ప్రాంతంలో షికాగోలో కొందరు కార్యకర్తలు దీన్ని నేరుగా మత్తుమందు వాడేవాళ్ళ చేతికే ఇవ్వడం మొదలుపెట్టారు. ఓవర్‌డోస్ జరిగే క్షణంలో పక్కన ఉండేది స్నేహితుడో తోబుట్టువో తప్ప డాక్టర్ కాదు కదా. ఇంట్లోవాళ్ళకూ స్నేహితులకూ ఇది అందుబాటులో ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లో చెప్పింది. అమెరికాలో 2015లో ముక్కు స్ప్రే వచ్చింది, 2023లో చీటీ లేకుండా కొనుక్కునే వీలు కల్పించారు. చాలామందికి తెలియని సంగతి ఒకటి: ఈ మందు కనిపెట్టినవాళ్ళలో ఒకరైన ఫిష్‌మన్ సవతి కొడుకు 2003లో హెరాయిన్ ఓవర్‌డోస్‌తోనే చనిపోయాడు. మా ఇంట్లోనే ఇలా ఎందుకు జరిగిందని కుమిలిపోయేవాళ్ళకు ఇది అప్పుడప్పుడు చెబుతుంటాను.

ఎప్పుడైనా మీ కళ్ళముందే జరిగితే, ముందు అంబులెన్స్‌కు ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టండి. వెల్లకిలా పడుకోబెట్టి తల వెనక్కి వంచి, స్ప్రే కొనను ఒక ముక్కుపుటంలో పూర్తిగా పెట్టి ఒక్కసారి గట్టిగా నొక్కండి. టెన్షన్‌లో చాలామంది పనిచేస్తుందో లేదో చూద్దామని ముందు గాల్లోకి కొడతారు. చాలా స్ప్రేల్లో ఉండేది ఒకే డోసు, అలా చేస్తే అది పోయినట్టే. మందు పనిచేసేలోపు ఊపిరి మీరివ్వాలి: గడ్డం పైకెత్తి, ముక్కు మూసి, నోట్లో నోరు పెట్టి ఐదు సెకన్లకు ఒకసారి, ఛాతీ పైకి లేచేంత గాలి ఊదండి. ప్రాణవాయువు పూర్తిగా అందకపోతే నాలుగైదు నిమిషాల్లోనే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది కాబట్టి, స్ప్రే కొట్టేసి చేతులు కట్టుకుని చూస్తూ కూర్చోవడం పనికిరాదు. అసలు ఊపిరీ కదలికా ఏమీ లేకపోతే గుండె ఆగిందనే అనుకుని ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలి, ఫోన్‌లో ఉన్నవాళ్ళు ఎలాగో చెబుతారు. రెండు మూడు నిమిషాలైనా ఊపిరి సరిగ్గా ఆడకపోతే రెండో డోసు రెండో ముక్కుపుటంలో. ఊపిరి అందుకున్నాక పక్కకు తిప్పి పడుకోబెట్టండి, వాంతి అయితే అది ఊపిరితిత్తుల్లోకి పోకుండా ఉంటుంది. చన్నీళ్ళు కొట్టడం, చెంపలు వాయించడం, చంకలకింద చేతులేసి నడిపించడం, వీటివల్ల నిమిషాలు పోతాయి తప్ప ఒరిగేదేమీ లేదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి, అనుభవం ఉన్నవాళ్ళు కూడా తడబడే చోటు ఇది. నలోక్సోన్ ఇచ్చేది మనిషి లేచి కూర్చోడానికి కాదు, ఊపిరి ఆడటానికి. కళ్ళు తెరవకపోయినా నిమిషానికి పన్నెండుసార్లు చక్కగా ఊపిరి తీస్తుంటే అది చాలు, ఇంకో డోసు అక్కర్లేదు. మద్యం, నిద్రమాత్రల మత్తు మీద నలోక్సోన్‌కు ఏ ప్రభావమూ లేదు. ఈమధ్య హెరాయిన్, ఫెంటానిల్‌లలో కలిపి అమ్ముతున్న జైలజీన్ అనే పశువుల మత్తుమందు మీద కూడా లేదు. అవి కలిసి ఉంటే ఊపిరి వచ్చినా మనిషి లేవకపోవచ్చు. అలాగని ఇవ్వడం మానకండి. ఏం వాడాడో తెలియకపోయినా ఇవ్వాల్సిందే. ఒంట్లో ఓపియాయిడ్ లేనివాళ్ళకు ఇచ్చినా పెద్దగా ఏమీ కాదు.

ఇక ఆ తిట్ల సంగతి. ఓపియాయిడ్‌కు అలవాటుపడిన ఒళ్ళు దానికి ఎదురు తూకం వేసుకుని ఉంటుంది. మందు శాంతపరిచే ప్రతిదాన్నీ ఒళ్ళు లోపల్నుంచి ఎగదోస్తూ ఉంటుంది. మందు మెల్లగా దిగితే ఈ ఎగదోపు మెల్లగా బయటపడుతుంది. హెరాయిన్ ఆపిన ఎనిమిది, పన్నెండు గంటలకు మొదలై రెండు మూడు రోజుల్లో శిఖరానికి చేరుతుంది. దీన్నే విత్‌డ్రాయల్ అంటాం. నలోక్సోన్ ఇస్తే ఆ రోజుల బాధ మొత్తం రెండు నిమిషాల్లో వచ్చి మీదపడుతుంది. నా కళ్ళముందు మెలకువ వచ్చిన కుర్రాడొకడు గుర్తున్నాడు. ముందు చేతిమీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి. తర్వాత ముక్కూ కళ్ళూ ధారగా కారడం మొదలైంది. పెద్ద ఆవలింత, వెంటనే వాంతి. ఒళ్ళంతా చెమట, పళ్ళు మాత్రం చలికి కొట్టుకున్నట్టు కొట్టుకుంటున్నాయి. అతను మొదట అన్న మాట "నా షూస్ ఎక్కడ?" రెండో మాట ఇక్కడ రాయదగ్గది కాదు, మా సిస్టర్‌ని ఉద్దేశించింది. ఆవిడ మారుమాట్లాడకుండా దుప్పటి తెచ్చి కప్పింది.

మీ తమ్ముడి వైపు నుంచి ఒకసారి చూడండి. అతనికి గుర్తున్న చివరి క్షణం హాయిగా ఉంది. ఆ తర్వాతి క్షణం కళ్ళల్లో లైటు, చుట్టూ తెలియని మనుషులు, ఒళ్ళంతా విరిచేస్తున్న నొప్పి. మధ్యలో ఊపిరి ఆగిపోతున్న ఆ నిమిషాలు అతని జ్ఞాపకంలో లేనే లేవు. అవి మీవి. ఏడుస్తూ వీధిలోకి పరిగెత్తింది మీరు, అంబులెన్స్‌లో చెయ్యి పట్టుకుని కూర్చుంది మీరు. చావు అంచుదాకా వెళ్ళొచ్చాడని మీరు అంటున్నారే, ఆ అంచును చూసింది మీరే, అతను కాదు. చూడనిదాన్నుంచి బుద్ధి ఎలా వస్తుంది? పైగా ఆ క్షణంలో అతనికి తెలిసిందల్లా ఒకటే: తను ఇంత ఘోరంగా ఉన్నాడు, దీన్ని పోగొట్టేది ఏమిటో, ఎక్కడ దొరుకుతుందో తనకు తెలుసు. వెళ్ళిపోవడంలో ఆశ్చర్యం ఏముంది? ప్రమాదం మాత్రం రెట్టింపు. నలోక్సోన్ ఇంకా కుర్చీల్లో ఉండగా వాడితే ఏమీ ఎక్కదు, ఎక్కలేదని ఇంకాస్త వేస్తాడు, నలోక్సోన్ దిగేసరికి మొత్తం ఒక్కసారిగా పనిచేస్తుంది.

"మనసు గట్టిగా ఉంటే మానెయ్యలేడా" అన్నది మీరు అడగకపోయినా మీ ప్రశ్న వెనకాల ఉంది. దానికి జవాబు చెప్పాలంటే జనం ఒకటిగా కలిపేసే మూడింటిని విడదీయాలి. రోజులు గడిచేకొద్దీ అదే పనికి ఎక్కువ మోతాదు కావలసి రావడం టాలరెన్స్. ఆపితే ఒళ్ళు ఎదురు తిరగడం, అంటే ఇందాక చెప్పిన విత్‌డ్రాయల్ రావడం, శరీరం ఆధారపడటం. ఈ రెండూ ఎవరికైనా వస్తాయి. క్యాన్సర్ నొప్పికి నెలల తరబడి మార్ఫిన్ తీసుకునే పెద్దాయనకు రెండూ ఉంటాయి, ఒక్కసారిగా ఆపితే ఆయనకూ ముక్కు కారుతుంది, కాళ్ళు పీకుతాయి. కానీ ఆయన వ్యసనపరుడు కాడు. నొప్పి తగ్గాక మెల్లగా మోతాదు తగ్గిస్తే మానేస్తాడు, మళ్ళీ దాని ఊసెత్తడు. వ్యసనం మూడోది. ఉద్యోగం పోతున్నా, ఇల్లు చెదిరిపోతున్నా, ఒళ్ళు పాడవుతున్నా, తనకే వద్దనిపిస్తున్నా వాడుతూనే ఉండటం. నష్టం తెలిసీ ఆగలేకపోవడమే ఈ జబ్బుకు గుర్తు. భయం చూపిస్తే ఆగేదైతే దాన్ని జబ్బు అనక్కర్లేదు.

ఈ యావ ఎలా పుడుతుంది? కెంట్ బెరిడ్జ్, టెర్రీ రాబిన్సన్ అనే శాస్త్రవేత్తలు 1993లో ఒక వాదన ముందుకు తెచ్చారు, నా రోగుల మాటల్లో దానికి రుజువులు రోజూ వింటుంటాను. మెదడులో ఇష్టపడటం వేరు, కావాలనిపించడం వేరు. మొదట్లో రెండూ కలిసే ఉంటాయి. వాడేకొద్దీ ఇష్టం అరిగిపోతుంది, కావాలనిపించడం మాత్రం పెరిగిపోతుంది. ఈ రెండోదాన్ని నడిపించేది డోపమైన్ అనే మెదడు రసాయనం. "సుఖం ఎప్పుడో పోయింది డాక్టర్ గారూ, ఇప్పుడు మామూలుగా ఉండటానికి వేసుకుంటున్నాను" అని చెప్పని ఓపియాయిడ్ రోగి అరుదు. వాడు సుఖం మరిగి ఇలా చేస్తున్నాడు అని ఇంట్లోవాళ్ళు కోప్పడుతుంటే, అతను లేని సుఖానికి శిక్ష పడుతున్నవాడిలా తలదించుకుంటాడు.

ఆ కోరికను లేపేది మందు ఒక్కటే కాదు, దాని చుట్టూ ఉన్నవన్నీ. ఒక వీధి మలుపు, ఒక ఫోన్ నంబరు, సాయంత్రం ఒక వేళ. ఎంత లోతుగా పాతుకుపోతాయో చూపించే ప్రయోగం ఒకటుంది. షెపర్డ్ సీగెల్ బృందం 1982లో ప్రచురించింది. ఎలుకలకు కొన్నాళ్ళపాటు ఒకే గదిలో హెరాయిన్ మోతాదు పెంచుతూ అలవాటు చేశారు. చివర్లో పెద్ద డోసు ఇచ్చారు, కొన్నిటికి అదే గదిలో, కొన్నిటికి కొత్త గదిలో. అలవాటైన గదిలో చచ్చిపోయినవి 32 శాతం. కొత్త గదిలో 64 శాతం. ఎన్నడూ హెరాయిన్ ఎరగనివాటిలో 96 శాతం. మందు అదే, మోతాదు అదే. పాత గదిని గుర్తుపట్టగానే ఒళ్ళు ముందే ఎదురు తూకం వేసుకుంది, కొత్త గదిలో ఆ సిద్ధం కావడం జరగలేదు. ఎప్పుడూ వేసుకునేంతే వేసుకున్నాడు, ఈసారి ఎందుకిలా అయింది అని అడిగేవాళ్ళకు ఇది కొంతవరకు జవాబు. మానేద్దామని గట్టిగా అనుకున్న మనిషికి ఆ మలుపు దగ్గరికి రాగానే కడుపులో దేవినట్టు ఎందుకవుతుందో కూడా ఇది చెబుతుంది.

ఇదంతా విని ఇక తలరాత ఇంతే అనుకోకండి. వియత్నాం యుద్ధం నుంచి 1971లో తిరిగొచ్చిన అమెరికన్ సైనికుల్ని లీ రాబిన్స్ అనే పరిశోధకురాలు పరిశీలించింది. అక్కడ ఉండగా దాదాపు ఐదుగురిలో ఒకరు హెరాయిన్ లాంటివాటికి బానిసైనట్టు తేలింది. ఇంటికొచ్చాక మొదటి సంవత్సరంలో వాళ్ళలో మళ్ళీ బానిసైనవాళ్ళు 5 శాతం, మూడేళ్ళలో కొద్దికాలానికైనా అందులో పడ్డవాళ్ళు 12 శాతం. యుద్ధం, ఆ గుడారాలు, ఆ తోటివాళ్ళు, చౌకగా దొరికే సరుకు, అన్నీ వెనకే ఉండిపోయాయి. మీ తమ్ముడికి ఆ వెసులుబాటు లేదు, అతను అదే ఊళ్ళో, అదే ఫోన్‌తో బతకాలి. అయినా ఒకసారి అంటుకుంటే జన్మంతా వదలదు అన్న మాట మాత్రం నిజం కాదు.

ఇప్పుడు ధైర్యం సంగతి. నలోక్సోన్ ఉందని తెలిస్తే ఎక్కువ వేసుకుంటాడేమో అన్నది వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ ఊపిరి ఆగిన మనిషి తన స్ప్రే తను కొట్టుకోలేడు, ఆ సమయానికి ఇంకొకరు పక్కన ఉండాలి. పైగా నలోక్సోన్ అనుభవం ఎలాంటిదో మీరే చూశారు, దాన్ని కోరుకునేవాళ్ళు ఎవరూ లేరు. ఒకసారి రుచి చూసినవాళ్ళు అది జేబులో ఉంటే జాగ్రత్తపడతారే తప్ప బరితెగించరు, నేను చూసినంతలో. లెక్కలు కావాలంటే, అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో 19 పట్టణాల మీద 2013లో వచ్చిన అధ్యయనం ఉంది. నలోక్సోన్ పంచి, వాడకం నేర్పిన చోట్ల ఓవర్‌డోస్ చావుల రేటు తగ్గింది. తక్కువమందికి నేర్పిన చోట సుమారు 27 శాతం, ఎక్కువమందికి నేర్పిన చోట 46 శాతం తక్కువ. అడుగంటితే గానీ బుద్ధి రాదు అంటారే, ఓపియాయిడ్ల విషయంలో ఆ అడుగు శ్మశానం. అక్కడిదాకా వెళ్ళనిచ్చి ఏం నేర్పిస్తాం?

మీకు కొంచెం కఠినంగా అనిపించినా చెప్పక తప్పని అంకెలు ఇవి. అదే మసాచుసెట్స్‌లో ఓవర్‌డోస్ అయి ఎమర్జెన్సీలో బతికి బయటపడిన పదకొండు వేలమందికి పైగా రోగుల్ని గమనిస్తే, ఏడాదిలోపు 5.5 శాతం మంది చనిపోయారు. అలా పోయినవాళ్ళలో దాదాపు ఐదోవంతు మొదటి నెలలోనే. ఆ నెలలో పోయినవాళ్ళలోనూ ఐదోవంతుకు పైగా మొదటి రెండు రోజుల్లో. మీ తమ్ముడు ఇప్పుడున్నది ఆ కాలంలోనే. అందుకే ముందు మందు కొనండి, తర్వాత మాట్లాడుకుందాం అన్నాను.

చాలా కుటుంబాలు ఇక్కడే ఒక పని చేస్తాయి. ఎక్కడో పెట్టి తలుపులేసి, నెల రోజులు మాన్పించి, శుభ్రమైపోయాడని ఇంటికి తెచ్చుకుంటాయి. నాకు అన్నిటికంటే భయం ఇదే. టాలరెన్స్ కొద్ది రోజుల్లోనే దిగిపోతుంది. యావ దిగదు. పాత మోతాదు గుర్తున్న మనసు, ఆ మోతాదు తట్టుకోలేని ఒళ్ళు మిగులుతాయి. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రపు జైళ్ళ నుంచి విడుదలైనవాళ్ళ మీద 2007లో ప్రచురించిన అధ్యయనంలో, బయటికొచ్చిన మొదటి రెండు వారాల్లో ఓవర్‌డోస్‌తో చనిపోయే ముప్పు మామూలు జనంతో పోలిస్తే 129 రెట్లు ఉందని తేలింది. వందా ఇరవై తొమ్మిది. జైలైనా, గదిలో పెట్టి తాళమేసినా, మందుల తోడు లేని డీ-అడిక్షన్ కేంద్రమైనా ఒంటికి తేడా తెలియదు.

అయితే ఏ మందు పనిచేస్తుంది అన్నారు కదా. ఉన్నాయి. మెథడోన్, బ్యూప్రినార్ఫిన్. మెథడోన్‌ని హెరాయిన్ వ్యసనానికి రోజువారీ మందుగా వాడవచ్చని న్యూయార్క్‌లో విన్సెంట్ డోల్, మేరీ నిస్వాండర్ 1965లోనే చూపించారు. ఒంట్లో నెమ్మదిగా, రోజంతా నిలకడగా ఉంటుంది, ఎగుడుదిగుళ్ళు ఉండవు. బ్యూప్రినార్ఫిన్ ఇంకాస్త తెలివైన మందు. ఆ కుర్చీని హెరాయిన్ కంటే గట్టిగా పట్టుకుంటుంది, కానీ పని సగమే చేస్తుంది. యావ, విత్‌డ్రాయల్ అణుగుతాయి, మోతాదు ఎంత పెంచినా ఒక హద్దు దాటి ఊపిరిని అణచదు. మద్యంతో, నిద్రమాత్రలతో కలపకూడదన్నది వేరే విషయం. దీన్ని విత్‌డ్రాయల్ కొంత మొదలయ్యాకే ఇవ్వాలి, హెరాయిన్ నిండా ఉన్నప్పుడు ఇస్తే ఇది కూడా దాన్ని తోసేసి బాధపెడుతుంది. నాలుక కింద పెట్టుకునే ఈ మాత్రల్లో కొన్నిటిలో నలోక్సోన్ కలిపి ఉంటుంది. నాలుక కింద ఉంటే అది పెద్దగా ఒంటికి పట్టదు, ఎవరైనా కరిగించి సూదితో ఎక్కించుకుంటే మాత్రం దాని పని చూపిస్తుంది.

2003లో స్వీడన్ నుంచి వచ్చిన ఒక చిన్న అధ్యయనం నా మనసులో నిలిచిపోయింది. నలభైమంది హెరాయిన్ రోగులు. అందరికీ కౌన్సెలింగ్ ఒకటే. ఇరవైమందికి ఏడాదంతా బ్యూప్రినార్ఫిన్ ఇచ్చారు. మిగతా ఇరవైమందికి ఆరు రోజుల్లో తగ్గించేసి, తర్వాత మందులేని మాత్ర ఇచ్చారు. ఏడాది తిరిగేసరికి మొదటి గుంపులో 75 శాతం చికిత్సలోనే ఉన్నారు. రెండో గుంపులో ఒక్కరూ మిగల్లేదు, నలుగురు చనిపోయారు. ఇరవైలో నలుగురు. తర్వాత పెద్ద ఎత్తున జరిగిన విశ్లేషణలు కూడా అటే చూపించాయి: చికిత్సలో ఉన్నప్పటికంటే మానేసిన కాలంలో మరణాల రేటు మెథడోన్ విషయంలో సుమారు మూడు రెట్లు, బ్యూప్రినార్ఫిన్ విషయంలో రెండు రెట్లు. ఈ స్థాయిలో ప్రాణాలు నిలిపే మందులు వైద్యంలో అన్ని రంగాల్లోనూ లేవు.

"ఒక మత్తు మాన్పించి ఇంకో మత్తు అలవాటు చేస్తారా?" అని మీ ఇంట్లో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. ఇందాకటి మూడింటిని గుర్తు చెయ్యండి. ఈ మందులు వాడేవాడి ఒళ్ళు వాటి మీద ఆధారపడే ఉంటుంది, నిజమే. పోయేది మూడోది: తెల్లారి లేస్తూనే డబ్బు కోసం వెతుకులాట, అబద్ధాలు, సూదులు, సందుల్లో ఓవర్‌డోస్‌లు. పొద్దున్నే ఒక మాత్ర వేసుకుని పనికి వెళ్ళి సాయంత్రం ఇంటికొచ్చే మనిషిని వ్యసనపరుడని నేను అనను. ఎన్నాళ్ళు వాడాలి అంటే, చాలామందికి ఏళ్ళే. రెండు నెలల్లో మాన్పించండి అని అడిగే కుటుంబాలకు నేను ఒప్పుకోను. మానడానికి తొందరపడేది ఎప్పుడూ రోగి కంటే ఇంట్లోవాళ్ళే. నాల్‌ట్రెక్సోన్ అని ఇంకొకటుంది, నలోక్సోన్‌కు దగ్గరి చుట్టం, ఎక్కువకాలం పనిచేస్తుంది. కానీ మొదలుపెట్టాలంటే వారం, పది రోజులు పూర్తిగా ఓపియాయిడ్ లేకుండా ఉండాలి. మీ తమ్ముడు ఇప్పుడున్న స్థితిలో అంతవరకూ నిలవడం కష్టం. మధ్యలో మానేస్తే టాలరెన్స్ ఏమీ మిగలదు కాబట్టి నేనైతే మొదట దాన్ని ఎంచుకోను.

అతనితో ఎలా మాట్లాడాలో కూడా చెబుతాను. ఓవర్‌డోస్ గురించి నీతులు వద్దు, మీరు చూసింది చూసినట్టు చెప్పండి: పెదాలు ఏ రంగులో ఉన్నాయో, ఎంతసేపు ఊపిరి లేదో. అతనికి గుర్తులేని భాగం అది, మీ నోట మొదటిసారి వింటాడు. స్ప్రే ఎక్కడ పెట్టారో అతనికి చూపించండి, దాచకండి. అల్మారాలో తాళమేసిన మందు అర్ధరాత్రి దొరకదు. గది వాతావరణంలో ఉంచండి, ఎండలో నిలిపిన కారులో వదిలెయ్యకండి, డబ్బా మీద గడువు తేదీ చూసుకోండి. వాడొద్దని మీరు ఎలాగూ చెబుతారు. దాంతోపాటు ఒంటరిగా తలుపేసుకుని వాడొద్దని కూడా చెప్పండి. ఈ మాట చెబితే ఒప్పుకున్నట్టు అవుతుందని చాలామంది నోరు మెదపరు. అమ్మా, అతను వాడుతున్నాడని మీకు తెలుసు, మీకు తెలుసని అతనికీ తెలుసు. ఒప్పుకోవడానికి కొత్తగా ఏముంది?

చికిత్స మాట ఎత్తడానికి మంచి వేళ విత్‌డ్రాయల్ మొదలైన ఉదయం. ఒళ్ళు నొప్పులతో "ఇక నావల్ల కాదు" అని అతనే అనే గంట ఒకటి వస్తుంది, ఎక్కువసేపు ఉండదు. వచ్చే వారం అపాయింట్‌మెంట్ ఉంది అంటే ఆ గంట చేజారిపోతుంది. అందుకని ఈలోపే మీకు అందుబాటులో ఉన్న ఆసుపత్రులకూ కేంద్రాలకూ ఫోన్ చేసి పెట్టుకోండి. ఎన్ని పడకలున్నాయి, ఎన్ని రోజులు ఉంచుకుంటారు అని అడగకండి. "మనిషి వచ్చిన రోజే బ్యూప్రినార్ఫిన్ గానీ మెథడోన్ గానీ మొదలుపెడతారా? ఇంటికి పంపాక కూడా కొనసాగిస్తారా?" అని అడగండి. మేం మందులు వాడం, మనోబలంతో మాన్పిస్తాం అంటే ధన్యవాదాలు చెప్పి ఫోన్ పెట్టేసి, ఇంకో నంబరు కలపండి.